మామా, నీకు గూడ ఇనబడ్డదా?

మా నర్సింహ ఇక లేడని మొన్న మంగళవారం పొద్దున అతని అక్క యాదమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు చాయ్ గ్లాసు నా చేతిలోనే చల్లారిపోయింది. శంషాబాద్ అవతలి నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడుతూ గుండె ఆగి కూలిపోయాడట. యాభై రెండేళ్లు. వరుసకు నాకు మేనల్లుడు. ఇరవై ఏళ్ల పాటు అతని చెవులకు ఏకైక సాక్షిని నేనేనని సగర్వంగా మనవి చేస్తున్నాను.

ఆ మాట అర్థం కావాలంటే అతని జబ్బు గురించి చెప్పాలి. దాని పేరు స్కిజోఫ్రీనియా. ఎదుట మనిషి లేకుండానే గొంతులు వినిపిస్తాయి. తిడతాయి, ఆజ్ఞాపిస్తాయి. మనకు మన పక్కవాడి మాట ఎంత నిజమో, అతనికి అవీ అంతే నిజం. గోలీలు మింగితే ఆ గొంతులు సన్నగిల్లేవి గాని పూర్తిగా పోయేవి కావు. అందుకని నర్సింహ తానే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ అలికిడైనా నమ్మినవాళ్లను అడిగేవాడు: "నీకు గూడ ఇనబడ్డదా?" యాదమ్మ "విమానం పోయింది రా, ఇనబడ్డది" అంటే నెమ్మదించేవాడు. "లేదు రా, ఎవ్వరు పిలువలే" అంటే తల ఊపి మళ్లీ పని అందుకునేవాడు. సొంత చెవిని నమ్మలేని మనిషి అక్క చెవిని అరువు తెచ్చుకుని బతికాడు. అంతటి వివేకం ఏ పండితునిలోనూ చూడలేదు. ముప్పై ఏళ్లు తెలుగు పంతులుగా వెలిగిన నాలో అసలే చూడలేదు.

హాస్యప్రియుడు కూడా. ఎన్నికలప్పుడు ఒక నాయకుడు మైకులో గంటసేపు వాగ్దానాలు కురిపిస్తుంటే, "అక్కా, నీకు గూడ ఇనబడుతున్నదా?" అన్నాడు. ఇనబడుతున్నదని ఆమె అంటే, "పాపం, గీ జబ్బుకు గోలీలు లేవు" అన్నాడు.

ఇక ఊరి సంగతి తలుచుకుంటేనే రోత పుడుతుంది. పడుచుతనంలో దయ్యం పట్టిందని అతన్ని స్తంభానికి కట్టి వేపమండలతో బాదారు. పిల్లలు రాళ్లు విసిరితే పెద్దలు నవ్వారు. ఎవరి మీదా చెయ్యి ఎత్తని మనిషిని చూసి తలుపులు మూసుకున్నారు. ఆ పెద్దలే ఇప్పుడు, దినాలైనా కాకముందే, చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు: 'అవధూత నర్సింహ స్వామి'. ఆకాశంతో సంభాషించేవాడట. రోడ్డు పక్కనే సమాధి లేపితే ఎయిర్‌పోర్టుకు పోయే కార్లు ఆగి దండం పెట్టుకుంటాయట. ఇంత సిగ్గుమాలిన భక్తిని నా జన్మలో చూడలేదు.

"బతికినన్ని దినాలు పిచ్చోడన్నరు, సచ్చినంక సామి అంటున్నరు. మనిషి అని ఎప్పుడంటరు మామా?" అంది యాదమ్మ. "నువ్వు చదువుకున్నోనివి. మా తమ్మునికి జబ్బుండె, గోలీలు మింగిండు, కష్టం చేసి తిన్నడు అని రాయి. ఉన్నదున్నట్టు రాయి."

ఉన్నదున్నట్టు అనేసరికి నా కలం మొరాయించింది. ఏకైక సాక్షిని అన్నాను గదా, అది అబద్ధం. సాక్షి యాదమ్మే. నన్నతడు అడిగింది ఒకే ఒక్కసారి. పన్నెండేళ్ల కిందట నర్సరీ గేటు దగ్గర నలుగురం కూచున్నాం. వచ్చి మెల్లగా అడిగాడు: "మామా, గోలీలల్ల విషం ఉన్నదంటున్నరు. నీకు గూడ ఇనబడ్డదా?"

నలుగురినీ నవ్విద్దామనిపించింది. "ఇనబడ్డది రా అల్లుడా, నాకు గూడ గదే చెప్పిన్రు" అన్నాను.

అందరూ నవ్వారు. నర్సింహ నవ్వలేదు, నమ్మాడు. రెండు దినాలు అన్నం ముట్టలేదు. ఊరు విసిరిన రాళ్లను ఏవగించుకునే నేను విసిరిన రాయి అది. ఆ నిర్మలమూర్తికి ఈ ముసలి పంతులు తలవంచి నమస్కరిస్తున్నాడు. లోకాన్ని అంత నమ్మకంగా ప్రశ్నించే గొంతు ఇక పుట్టదు.

ఇంతవరకు రాసి యాదమ్మకు చదివి వినిపించాను. బియ్యం చెరుగుతున్నదల్లా చేట పక్కన పెట్టింది.

"రెండు దినాలు అని రాసినవా?"

"అవునమ్మా."

"రెండు దినాలు కాదు మామా. అన్నం కాదు. ఆరు నెలలు గోలీలు ముట్టలే. ఆఖరికి దవాఖానల మంచానికి కట్టేసి సూదులిచ్చిన్రు. ఆడికెళ్లి వచ్చినంక నిన్ను మల్ల ఏది అడగలే. గది రాయి."