గెడ్డ ఒడ్డున మా అత్తయ్య చదివిన సీరియల్

దెయ్యాలంటే నాకు భయం లేదు. ఉంటే కదా భయపడ్డానికి! పెళ్లికి ముందు బి.ఎస్సీ. చదివాను. పిల్లలకి తాయెత్తులు కట్టలేదు, ఎవరింట్లోనైనా పూనకం వచ్చిందంటే అటువైపు పోలేదు. మా ఆడపడుచు నన్ను నాస్తికురాలని ఏడిపిస్తుంది. నాస్తికురాలినేం కాదు, గుడికి వెళ్తాను, దండం పెడతాను. నా కళ్లతో చూడనిదాన్ని నమ్మను, అంతే.

చెప్పబోయేది మాత్రం నా కళ్లతో చూసిందే. చిక్కంతా అక్కడే వచ్చింది.

తొంభైల్లో మాట. అరకు లోయలో, రైలు ఆగే ఓ చిన్న సంత ఊళ్లో మాకు కిరాణా కొట్టుండేది. మా మామగారు విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి పెట్టిన కొట్టు. నేను కాపరానికి వచ్చేనాటికే ఆయన లేరు. అత్తయ్య, మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు. కొట్లో ఉప్పు, పప్పు, కిరసనాయిలుతో పాటు వారపత్రికలు కూడా అమ్మేవాళ్లం. విశాఖపట్నం నుంచి పాసింజరు బండిలో పురికొసతో కట్టేసిన కట్ట వచ్చేది.

మా అత్తయ్య బడికి వెళ్లిన మనిషి కాదు. పెళ్లయ్యాక, పొట్లాలు కట్టే కాయితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుందట. నేర్చుకున్నాక ఇంక ఆగలేదు. కొట్లోకి వచ్చిన ప్రతి పత్రికా, అమ్ముడయ్యే లోపల ఆవిడ చదివేయాల్సిందే. అదీ మనసులో కాదు, గట్టిగా.

సంతరోజు మా అరుగు చూడాలి. కొండమీది ఊళ్ల నుంచి అడ్డాకులు, చింతపండు, కొండచీపుళ్లు అమ్ముకోడానికి దిగిన ఆడవాళ్లు, సరుకు అమ్ముడైపోయాక జీపు వచ్చేదాకా మా అరుగు మీద చేరేవారు. అత్తయ్య మధ్యలో కూచుని సీరియల్ చదివేది. వాళ్లకి అర్థం కాని మాట వస్తే, ఒడియా కలిసిన వాళ్ల తెలుగులోకి తనే మార్చి చెప్పేది. వాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు. వచ్చే సంతకి మళ్లీ వచ్చి, "పోయినసారి ఆ పిల్ల ఏడుస్తా ఉండిపోనాది, తరవాతేటైంది మామ్మా?" అని అడిగేవారు. మా ఊళ్లో ఆవిడకున్న పరువంతా ఆ అరుగు మీదే ఉండేది. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు.

అలాంటిది, ఓ సంతరోజు నేను లోపల బియ్యం చెరుగుతూ వింటున్నాను. సీరియల్లో నర్సు సుజాత ఉద్యోగం మానేసి రైలెక్కేసింది. సొరంగాల్లోంచి రైలు పోతోంది. అత్తయ్య గొంతు, ఆ చదివే తీరు, భలే ఉంది. పని తెమిలాక ఆ పత్రిక తీసి నేనూ చదివాను. అందులో రైలు లేదు. సుజాత ఎక్కడికీ వెళ్లలేదు, ఆసుపత్రిలోనే డాక్టరుతో గొడవ పడుతోంది.

పై వారం కూడా అంతే. పత్రికలో ఒక కథ, అరుగు మీద ఇంకో కథ. అప్పటికి నాకు విషయం అర్థమైంది. ఆవిడకి కళ్లు కనబడ్డం లేదు. పుస్తకం పట్టుకుని, పేజీలు తిప్పుతూ, నోటికొచ్చింది కల్పించి చెప్పేస్తోంది. బాగా కూడా చెప్తోంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ సుజాతని కన్న రచయిత్రికన్నా మా అత్తయ్యే బాగా పెంచింది.

మా ఆయనకి చెప్తే, "అమ్మకేం కాలేదు, వయసు" అన్నారు. ఆవిడనే అడిగాను, విశాఖపట్నం వెళ్లి చూపించుకుందాం అత్తా అని. ఇంతెత్తున లేచింది.

"నా కళ్లకేటైంది? నీ కళ్లే సూపించుకో. కుర్ర పిల్లవి, అప్పుడే అద్దాలెట్టేసినావు!"

ఆవిడ భయం నాకు తెలుసు. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తే, ఇంక చూపు రాదని చెప్పేస్తాడేమోనని. చెప్పనంతకాలం రేపో మాపో వస్తుందన్న ఆశతో ఉండొచ్చు. చదువు లేకపోతే ఆవిడకి బతుకే లేదు. కోడలినై ఉండీ ఆ మాట అంటున్నాను, ఆవిడ కోసం నాకు నిజంగా దిగులుగా ఉండేది.

ఏటా వేసవి సెలవులకి మా ఆడపడుచు పిల్లలు విజయనగరం నుంచి వచ్చేవారు. వాళ్లొస్తే ఒక రాత్రి కొండమీద మకాం వేయడం మా ఇంటి అలవాటు. సంతలో వేసే టార్పాలినే తీసుకుపోయేవాళ్లం. తెలిసినవాళ్ల కాఫీతోట కిందుగా ఓ గెడ్డ పారుతుంది. ఎండాకాలంలో కూడా మోకాలి లోతు నీళ్లు, మంచులా ఉంటాయి. ఒడ్డున మామిడిచెట్టు కొమ్మలకి టార్పాలిన్ కట్టి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తే మా మకాం అయిపోయినట్టే. రాత్రి బొంగులో కోడి కాల్చుకున్నాం. సగం మాడ్చింది మా ఆయనే. "మాడితేనే రుచి" అని తనే తిన్నారు.

మర్నాడు పొద్దున్న ఆయన కొట్టు చూసుకుని వస్తానని కిందికి దిగారు. బాగా ఎండెక్కాక నేను మామిడికాయ పప్పు పొయ్యి మీద పడేశాను. పిల్లలు చెట్టు కింద పడుకుని పాత పత్రికల్లో బొమ్మల కథలు చదువుకుంటున్నారు. అత్తయ్య వాళ్ల మధ్య కూచుని అడ్డాకులతో విస్తళ్లు కుట్టింది. వేళ్లతో తడుముకుంటూ ఈనెపుల్ల గుచ్చడం చూశాను.

మధ్యాహ్నానికి ఆయన తిరిగొచ్చారు. చేతిలో కొత్త పత్రికల కట్ట. స్టేషన్లో దింపించుకుని తిన్నగా వచ్చేశారు. పురికొస నా ఎదురుగానే కోశారు. పైనున్న పత్రిక తీసి, "ఇదిగో అమ్మా, నీ పుస్తకం" అని ఆవిడ ఒళ్లో పెట్టారు. నాకు ఒళ్లు మండింది. ఏం చేసుకుంటుంది ఆవిడ దాంతో? పిల్లలు అప్పటికే నీళ్లలోకి దూకేశారు. ఈయన లుంగీ ఎగ్గట్టుకుని వాళ్ల వెనకే పోయారు. నేనూ కాళ్లు తడుపుకుందామని దిగాను. ఒడ్డు మీద అత్తయ్య ఒక్కతే ఉంది.

కాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది. చదువుతోంది. మా ఆయన నవ్వి, "చూశావా, మొదలెట్టింది" అన్నారు. నీళ్ల చప్పుడులోంచి మాటలు తెలుస్తూనే ఉన్నాయి. సుజాత నూతి దగ్గర అత్తగారితో తగువాడుతోంది. "బిందె మీది, నీళ్లు మీవి, చేతులు మాత్రం నావి" అంటోంది. ఆ మాటకి ఈయన ఇంకా నవ్వారు. ఈసారి బాగా కల్పించిందే అనుకున్నాను నేను. పప్పు అడుగంటుతుందేమోనని ఒడ్డెక్కాను.

ఆవిడ నాకు వీపు పెట్టి కూచుంది. కళ్లద్దాలు మడిచి పక్కన పెట్టి ఉన్నాయి. పత్రిక మోకాళ్ల మీద ఉంది. వేలు అక్షరాల కింద నడుస్తోంది. నేను వెనక నిలబడి ఆ వేలి వెంట చూశాను.

అక్కడున్నదే చదువుతోంది.

ఒక మాట కలిసిందేమో అనుకున్నాను. రెండో లైను చూశాను, మూడోది చూశాను. కామా ఉన్నచోట ఆగుతోంది. అచ్చుతప్పు ఒకటుంటే దాన్ని తప్పుగానే చదివి, నాలిక్కరుచుకుని, దిద్ది మళ్లీ చదివింది. పేజీ చివర మిగతా భాగం వెనక పేజీల్లో అని ఉంటే, వంటల పేజీ, సబ్బు ప్రకటన దాటించి సరిగ్గా అక్కడే ఆగింది. మళ్లీ వేలు పెట్టి చదవడం మొదలెట్టింది. మధ్య మధ్యలో తల పక్కకి వంచి, కొండవాళ్ల మాటలో విడమరిచి చెప్తోంది, అరుగు మీద చెప్పినట్టే.

నాకు ఒళ్లు జల్లుమనలేదు. సంతోషం వేసింది, అంతే. అమ్మయ్య, చూపుంది! నేనే పొరబడ్డాను అనుకున్నాను.

చివరిదాకా చదివి, పుస్తకం మూసి, "అయిపోనాదే గుంటా. మిగతాది వచ్చే వారం" అంది పక్కకి తిరిగి.

"ఎవరితో అత్తా?" అన్నాను.

"ఈ పిల్లగుంటతోనే. నీళ్లలోంచి వచ్చినట్టుంది, సల్లగా తగిలింది సెయ్యి. సదువు మామ్మా అని కూకుంది." చెయ్యి చాచి పక్కన తడిమింది. "ఏదే, ఎల్లిపోనాదా?"

అక్కడెవరూ లేరు. మా పిల్లలందరూ గెడ్డలో మా ఆయన మీద నీళ్లు చల్లుతున్నారు.

పత్రిక తీసుకుని ఇంకో పేజీ తెరిచి ఒళ్లో పెట్టాను. "ఇది కూడా చదవండత్తా, విందాం" అన్నాను. కళ్లద్దాలు పెట్టుకుంది. పేజీ దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది. అరచేత్తో రుద్దింది. ఆవిడ మొహంలో రంగు మారిపోవడం నేను చూశాను.

"మసక కమ్మీసిందమ్మీ" అంది మెల్లగా. "ఇందాకటి దాకా అచ్చరాలు పెద్ద పెద్దగా కనబడ్డాయి. ఆ గుంటకి సదివినంత సేపూ కనబడ్డాయి."

నన్నెవరూ అడక్కముందే అన్నీ నేనే అడిగేసుకున్నాను. ఎవరైనా ముందే చదివి వినిపించారా? కట్ట నా ఎదురుగా విప్పారు. పిల్లల్లో ఎవరైనా పక్కన కూచుని అందించారా? అందరూ నీళ్లలో ఉన్నారు, పైగా నేను విన్నది ఆవిడ గొంతు. మా ఆయన చేత సీరియల్ చదివించాను. బిందె మాట దగ్గరికి రాగానే ఆగిపోయి నా మొహం చూశారు. గెడ్డలో ఉండి ఆయన విన్నది అదే మాట.

గుంట సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. కొండల్లో పిల్లలు ఆకుల కోసం, కాయల కోసం తిరుగుతూనే ఉంటారు, అడుగుల చప్పుడు కూడా తెలీదు. ఎవరో వచ్చి ఉండొచ్చు. పై సంతలో ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లని అడిగాను, ఎవరూ మా పిల్లే అనలేదు. అనకపోతే పోనీ. పిల్ల వచ్చిందో లేదో నాకనవసరం. ఆ కళ్లు ఎలా చదివాయన్నదే నా ప్రశ్న.

దాంతో ఒక మంచి జరిగింది. అత్తయ్య తనంతట తనే బయల్దేరింది. "వచ్చి పోతన్న సూపు గదా, డాట్రు నిలబెడతాడు. బేగి ఎల్దారి" అంది. కొత్త చీర కట్టుకుంది.

విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చాలాసేపు చూశాడు. చీకటి గదిలో లైటు వేసి, ఎటు వైపుందమ్మా అని అడిగితే ఆవిడ తప్పు వైపు చూపించింది. నన్ను బయటికి పిలిచి చెప్పాడు. శుక్లాలైతే తీసేసేవాళ్లం, ఇవి నీటికాసులు, లోపల నరం చచ్చిపోయింది, ఆపరేషన్‌తో లాభం లేదు అని. ఏడాదికి పైగానే ఈ కళ్లకి అక్షరం ఆని ఉండదన్నాడు.

"మొన్న చదివిందండీ" అన్నాను. మొత్తం చెప్పాను. మధ్యలో చూపు వచ్చి పోవడం ఉంటుందా అని అడిగాను. చచ్చిన నరానికి ఉండదమ్మా అన్నాడు. మంచివాడు, నవ్వలేదు. కానీ ఇంటివాళ్ల బాధ ఎలా మాట్లాడిస్తుందో తెలిసినవాడిలా నా వైపు చూశాడు. ఆ చూపుకి నాకు ఉక్రోషం వచ్చింది. ఇంకొకరెవరైనా ఈ కథ చెప్తే నేనూ అలాగే చూసేదాన్ని కదా అని కూడా అనిపించింది.

అత్తయ్యకి నేనే చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఏడుస్తుందనుకున్నాను. చెంగుతో మొహం తుడుచుకుని, "రైలుకి టైమైపోద్ది, నడు" అంది.

వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూచోబెట్టాను. సొరంగాలొచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడుతున్నారు. చీకటి పడుతోంది, వెలుగొస్తోంది, మళ్లీ చీకటి. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. అది చూసి నాకు ఏడుపాగలేదు. చప్పుడు చేయకుండా ఏడుస్తుంటే, చెయ్యి వెతికి పట్టుకుంది.

"అమ్మీ, అరుగు మీద సదివిందంతా అబద్దమే. నీకు తెలుసు గదా."

"తెలుసత్తా."

"ఆ రోజు గెడ్డ కాడ సదివినాను సూడు. అది కూడా నానే అల్లేసినానా? నిజిం సెప్పు. నువ్వెనకాల ఉన్నావు."

"లేదత్తా. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. వేలు కూడా సరిగ్గా అక్షరాల కిందే ఉంది."

"ఎలాగ సదివేనంటావు?"

"తెలీదు."

"నాకూ తెల్దు" అంది. "నువ్వు సూసినావు. అయితే సాలు నాకు."

ఆవిడకి చాలింది. ఆ తరవాత ఎన్నేళ్లు బతికినా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నాకే ఇప్పటికీ చాలడం లేదు.