మణి ముక్కుకు పని

మొన్న ఆదివారం మా అమ్మాయి తన కుక్కకు ఒక రబ్బరు పలక మీద వేరుశనగ ముద్ద పూసి ఇచ్చింది. అది ఆ పలక సందుల్లో నాలుక దూర్చి, చొంగ తీగలా నేలమీదికి సాగుతుంటే, లొటలొటా నాకుతూనే ఉంది. తాగుతున్న కాఫీ నేను అక్కడే పెట్టేశాను. "ఇంట్లో ఉండే కుక్కకు బుర్రకు పని కావాలమ్మా, లేకుంటే పిచ్చి పడుతుంది" అని పాఠం చెప్పింది. ఇదంతా తన కాలం వాళ్ళు కనిపెట్టారని మా పిల్ల నమ్మకం. నాకు ఈ రోత కొత్తది కాదు. తమిళనాడు ధర్మపురిలో మా పాత ఇంట్లో, మా వదినె పుణ్యమా అని, ఒక వేసవంతా ముక్కు మూసుకుని భరించినదాన్ని.

వదినె అంటే మా ఆయన అక్క. భర్త చిన్నవయసులోనే పోతే హరూర్‌లో టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక రెండు ట్రంకు పెట్టెలతో, ఒక కుక్కతో మా ఇంటికి వచ్చేసింది. కుక్క పేరు మణి. మాది చింతపండు, పప్పుల వ్యాపారం. ముందర అంగడి, వెనక ఇల్లు, గుడ్డు కూడా గడప దాటని శెట్టిగారి ఇల్లు. వచ్చిన ఏడాదే నల్లంపల్లి రోడ్డులో ఒక బైకు గుద్ది మణి వెనక కాలు విరిగింది. ఎముక అతుక్కునేదాకా గది దాటనివ్వద్దని పశువుల డాక్టరు కట్టు కట్టి పంపాడు. ఊరంతా తిరిగే కుక్క గదిలో ఊరుకుంటుందా? పగలంతా మొరిగింది. తలుపు చెక్క కొరికి పొట్టు పొట్టు చేసింది. అదీ చాలక తన కట్టు తానే పీకి, పుండును నాకి నాకి చీము పట్టించుకుంది. ఆ గది ముందు నుంచి పోతే తిన్నది బయటికి వచ్చేది. మళ్ళీ తీసుకుపోతే డాక్టరు వదినెను తమిళంలో కోప్పడ్డాడట: ఇంకొకసారి కొరికితే కాలు తీసేయాల్సి వస్తుంది, కాలికి విశ్రాంతి ఇస్తే చాలదు, దాని ముక్కుకు పని పెట్టండి, తిండి దాచి వెతికించండి అని.

వదినె ముందు పెరుగన్నం ముద్దలు దాచింది. మణి ఒకసారి వాసన చూసి, మా వంట మీద తన అభిప్రాయం తెలిసేలా మొహం తిప్పుకుంది. మురుకు ముక్కలకూ, కొబ్బరికీ అదే మర్యాద. అప్పుడు వదినె ఒకరోజు సంత నుంచి కొంగు చాటున పొట్లం తెచ్చింది. ఆమె ఇంకా వాకిట్లో ఉండగానే నాకు తెలిసిపోయింది, కరువాడు అని. ఎండుచేప! నా పాత చీరలు చింపి, ఆ పేలికల్లో చేప తలలు మూటకట్టి, గదిలో చాప కిందా, గోనెసంచి మడతల్లో, కుర్చీ సందుల్లో దాచేది. మణి కుంటుకుంటూ, ముక్కు నేలకు రాస్తూ, బుసలు కొడుతూ ఒక్కో మూటా వెతికి, ముడి విప్పి తినేది. తరవాత అలిసిపోయి నిద్రపోయేది. కట్టు జోలికి పోవడం మానేసింది. అది నిజమే, కాదనను. కానీ చొంగతో జిగటగా తడిసిన ఆ పేలికలు మా స్నానాల గదిలోనే నానేవి. నా దిండుకూ, ఎండబెట్టిన వడియాలకూ అదే కంపు. వడియాలన్నీ తీసుకుపోయి పారబోశాను.

"వదినె, ఇల్లంతా నాత్తం కొడతా ఉంది" అన్నాను.

"నీకు నాత్తం, దానికి పని. కాలు పోతే నువ్విస్తావా?" అంది.

అత్త సంగతి చెప్పక్కరలేదు. "మీ నాయన తిథి వస్తా ఉంది. అంతలోపల ఆ కుక్క ఈ ఇంట్లో ఉండకూడదు, చెప్పినా" అని కూతురికి ఖండితంగా చెప్పింది. "దాన్ని పంపిస్తే నేనూ దాని ఎనకాలే పోతాను" అని వదినె పెట్టె సర్దుకుంది. మా ఆయన ఎప్పటిలాగే అంగట్లోకి పోయి కూర్చున్నాడు. చివరికి రాజీ కుదిరింది. ముందురోజే మూటలన్నీ ఏరేసి, ఇల్లంతా పసుపునీళ్ళతో కడిగి, మణిని గదిలో పెట్టి తలుపేయాలి. కడిగింది నేనే. నా చేతులతో తీసి పారేసిన ఆ తలలు తలుచుకుంటే ఇప్పటికీ వేళ్ళు కడుక్కోవాలనిపిస్తుంది.

తిథి రోజు మామగారి పటం పెట్టడానికి మా ఆయన ఆ గదిలోంచి వాళ్ళ నాన్న పేము కుర్చీ మోసుకొచ్చి, తలుపు సరిగా వేయలేదు. పురోహితుడు నువ్వులు నీళ్ళు వదిలిస్తుండగా మణి కుంటుతూ మేమున్న నడింటి కూడంలోకి వచ్చింది. మేము లేచేలోపలే కుర్చీ కిందికి దూరి, పేము సందులోంచి ఒక మూట లాగి, పటం ముందర కూర్చుని శ్రద్ధగా ముడి విప్పింది. చేప తల దొర్లి పిండాల పక్కన ఆగింది.

పురోహితుడు చటుక్కున లేచి నిలబడ్డాడు. అత్త పటం వైపు చాలాసేపు చూసింది.

"పోనీండి సామీ. ఆయనకూ ఇష్టమే" అంది.

"అమ్మా?" అన్నాడు మా ఆయన.

"హొగెనకల్లు జలపాతానికి నూనె తలంటుకు పోతా ఉండె గదరా మీ నాయన. ఆడ ఒడ్డు పొడుగూతా చేపలు ఏయించి అమ్మేవాళ్ళే. ఆ తువ్వాళ్ళు ఉతికిందాన్ని నేను. నాకు తెలీదా ఆ వాసన?"

వదినె కొంగు నోట్లో కుక్కుకుంది. పురోహితుడు మళ్ళీ స్నానం చేసి వచ్చి, మొదటినుంచి చేయించాడు. నాకు మాత్రం కుక్క మీదున్న అసహ్యమంతా పటం మీదికి మళ్ళింది. గుడ్డు కలిసిందని నా బిస్కెట్ల డబ్బా వీధిలోకి విసిరేసిన మనిషి! నా వంటింటి గడప దగ్గర నిలబడి వాసన చూసి మరీ భోజనానికి కూర్చున్న మనిషి! ఎన్నేళ్ళు ఆయనకు మడికట్టుకుని వండాను!

మణి కాలు నిలిచింది, కాస్త ఈడ్చి నడిచేది. దాన్ని పంపించే మాట అత్త మళ్ళీ ఎత్తలేదు. పైగా పొద్దున్నే కూతురి గది ముందు నిలబడి, "ఈపొద్దు యాడ దాచినావే?" అని అడిగేది. కొన్నాళ్ళకు కుక్కా, తరవాత అత్తా, మొన్నమొన్న వదినె కూడా పోయారు. ఏళ్ళు గడిస్తే రోతలు పోతాయంటారు. నాకు పోలేదు, వాటి మీద పోట్లాడడానికి ఉన్న మనుషులే పోయారు.