మా బావ కొట్టిన ఫార్మాట్

నిన్న మా అక్క భర్త ఫోన్ చేశాడు. మాటల మధ్యలో నా ఫోన్ ఈమధ్య మెల్లగా నడుస్తోందని నోరు జారాను. "ఫార్మాట్ కొట్టెయ్, కొత్తదాని లెక్కయితది" అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ మనిషి దగ్గర ఇంకో మందు లేదు. లోకం క్షమించినా నేను మాత్రం మా బావని క్షమించను.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, నల్లగొండ పక్కన మా ఇంట్లో, మగ్గాల గదిలోనే ఒక పాత కంప్యూటర్ ఉండేది. బాపుకు చూపు మందగించింది. నూలుకు ముడులు కట్టి, రంగులద్ది, జీవితమంతా నేసిన డిజైన్లను ఆయన నోటితో చెబుతుంటే మా చెల్లె తెర మీది గళ్ళలో ఒక్కో గడీ రంగు నింపుతూ అందులోకి ఎక్కించింది. కాగితం మీద గీసుకునే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. ఉన్నదంతా ఆ డబ్బాలోనే.

ఆ డబ్బాకు జబ్బు చేసింది. మీట నొక్కి చాయ్ తాగొచ్చినా తెర వెలిగేది కాదు. వెలిగితే కాసేపటికే దానంతటదే ఆరిపోయేది. వైద్యానికి బావ దిగాడు. షాద్‌నగర్‌లో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక్క వేలితో టైపు కొట్టి పాసులు ప్రింటు తీస్తాడు. ఆ ఒక్క వేలితోనే కంప్యూటర్ విద్యంతా వచ్చేసిందని ఆయన నమ్మకం. దుమ్ము పడుతోందని మా చీర ముక్కలతోనే డబ్బాకు తొడుగు కుట్టించాడు. నేతవాళ్ళ ఇల్లు, గుడ్డకు కరువా! నడుస్తున్నప్పుడు కూడా తొడుగు తీయొద్దని హుకుం. అది ఇంకా తొందరగా ఆరిపోసాగింది. అయితే వైరస్ అన్నాడు, దాన్ని పట్టే ప్రోగ్రాములు రెండు ఎక్కించాడు. ఒకే వాకిట్లో రెండు కుక్కలను కట్టేస్తే దొంగను పడతాయా? ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఈసారి చాయ్ తాగడమే కాదు, అన్నం తినొచ్చినా తెర వెలగలేదు.

చివరికి ఒక ఆదివారం ఫార్మాట్ కొడతానని సీడీ పట్టుకొచ్చి కూర్చున్నాడు.

"బావా, బాపు డిజైన్లు జర పక్కకు తీసిపెట్టినవా?" అంది చెల్లె.

"అన్ని ఉంటయి. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఏవీ లేవు. మొత్తం తుడిచేశాడు. తెర తళతళలాడుతూ వెలిగింది, బావ మీసం దువ్వుకున్నాడు, అంతలోనే అది మళ్ళీ ఆరిపోయింది. చెల్లె ఏడుపు విని బాపు తడుముకుంటూ వచ్చాడు. సంగతి విని అల్లుడి వైపు తిరిగాడు.

"పోగు తెగితే ముడేసుకుంటం గని, పడుగంత కోసుకుంటమా అల్లుడా?"

"గా పాత డిజైన్లు ఇప్పుడెవడు కొంటడు మామా!" అని ఆ మహానుభావుడు నవ్వాడు. ఛీ! ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఆయన బస్సెక్కాక తొడుగు పీకి డబ్బా విప్పాను. ఫ్యాన్ నిండా నూలు పీచు గడ్డకట్టి ఉంది. గాలి ఆడక, వేడెక్కి ఆగిపోయేది, అంతే. బ్రష్షుతో దులిపితే ఏళ్ళపాటు చక్కగా నడిచింది, లోపల ఏమీ లేకుండా.

బాపు మళ్ళీ చెప్పడానికి కూర్చున్నాడు. కొన్ని వచ్చాయి. తర్వాత ఒకదాని పువ్వు ఇంకోదాని అంచులోకి పోయేది, "ఆగు బిడ్డా, గది గాదు" అనేవాడు. ఆ తర్వాత అదీ అనలేదు. కాలం కూడా ఆయనలో ఉన్నదంతా తుడిచేసింది, కాదనను. కానీ ఒక్కో గడీ, మెల్లగా, మేం పక్కన కూర్చుని చూస్తుండగా తుడిచింది.