థోవా నేర్పిన మొదటి మాట

హిరోషిమా తీరంలో ఆల్చిప్పలు ఒలిచే ఆ షెడ్డులో థోవా అంటే తోటివాళ్లకి కాస్త గౌరవం, ఇంకాస్త ఒళ్లుమంట. వియత్నాం నుంచి వచ్చిన ఆరుగురు ఆడవాళ్లలో జపనీసు వచ్చింది ఆమె ఒక్కదానికే. గౌరవమూ అందుకే, మంటా అందుకే.

ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఎవరో పారేసిన ఒకటో తరగతి వాచకం తెచ్చుకుంది. స్నానాల గదిలో ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో అక్షరాలు దిద్దేది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, టీవీలో పసిపిల్లల కార్యక్రమం ముందు కూర్చుని కుక్క, పిల్లి, రైలు అని వల్లించేది. బస్సులో స్టాపుల పేర్లు పైకే గొణుగుతుంటే పక్కనున్నవాళ్లు లేచి వేరే సీటు చూసుకునేవాళ్లు.

"మా అక్కకి ఇప్పుడు పలకా బలపం కావలసొచ్చాయి" అని గదిలో నవ్వుకునేవాళ్లు. ఆ నవ్విన మహాతల్లులే దుకాణానికి వెళ్తే మాత్రం ఆమె వెనక నక్కేవాళ్లు.

వచ్చిన కొత్తలో థోవా వాళ్లకి ఒక్క మాట నేర్పింది. దైజోబు. ఫరవాలేదు, బాగానే ఉంది, అక్కర్లేదు, అన్నిటికీ అదే.

"ఎవరేం అడిగినా నవ్వుతూ ఈ మాట పారెయ్యండి. గండం గట్టెక్కుతుంది" అంది.

వాళ్లు దాన్ని అరగదీశారు. సంచీ కావాలా అని దుకాణంలో అడిగితే దైజోబు అనేసి, గుడ్లూ ముల్లంగీ చంకన పెట్టుకుని నడిచొచ్చేవాళ్లు.

ఆ ఆరుగురిలో చిన్నదైన హ్యూది సొంత దేశంలో థోవా వాళ్ల నదికి అవతలి ఒడ్డు. పక్క పరుపు మీదే పడుకునేది, ఒకే గిన్నెలో అన్నం పంచుకునేది. తోడబుట్టకపోయినా చెల్లెలే. ఆ చలికాలం ఆల్చిప్ప అంచు తగిలి హ్యూ బొటనవేలు చీరుకుంది. వాపు మణికట్టు దాకా పాకింది. యజమాని పేరు ఒకుమొతో. అంతకుముందు ఏడాది నడుం నొప్పి అన్న పిల్లని విమానం ఎక్కించి పంపేసిన మనిషి.

"అక్కా, నువ్వే చెప్పాలి. ఇక్కడ నాకు నోరు లేదు" అని హ్యూ ఏడ్చింది.

తను నేర్చుకున్నదంతా ఇలాంటి రోజు కోసమే అనిపించింది థోవాకి. వాక్యం తయారు చేసుకుని, ఒలిచే ప్రతి చిప్పకీ అప్పజెప్పింది. హ్యూ చెయ్యి బాగా వాచింది, దయచేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

టీ వేళకి ఒకుమొతో ముందు నిలబడి, తడబడకుండా చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. టోపీ తీసి చివరిదాకా విన్నాడు. తర్వాత ఆమెని దాటుకుని హ్యూ దగ్గరికి వెళ్లాడు.

"హ్యూ-సాన్, చెయ్యి నొప్పిగా ఉందా?" పేరుకి మర్యాదగా సాన్ తగిలించి, పిల్లలని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

హ్యూ వాచిన చేతిని రబ్బరు గౌనులోకి దోపేసింది. థోవా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత నడుం వంచి, నవ్వుతూ అంది.

"దైజోబు."

మిగతా నలుగురూ బుట్టల్లోకి చూస్తూ ఉండిపోయారు.

"నీకు మా భాష బాగా వచ్చేసింది, థోవా-సాన్" అన్నాడు ఒకుమొతో. "అవసరానికి మించి వచ్చింది."

వారం తిరక్కుండా ఐదుగురిని ఇంకో రెండేళ్లు ఉండమన్నాడు. థోవాని నెలాఖరుకి బయల్దేరమన్నాడు.

"నన్నెక్కడ పంపేస్తాడోనని భయమేసిందక్కా" అంది హ్యూ. "ఇంకో మాట తోచలేదు. నువ్వు నేర్పిన మాటే అనేశాను."

ఒకుమొతో ఎంతైనా యజమాని, ఆయన దగ్గర థోవా ఇంతకంటే ఆశించలేదు. కానీ ఈ పిల్ల కోసం నోరు తెరిస్తే, ఈ పిల్లే ఆ నోట మట్టి కొట్టింది. దులిపెయ్యాలని ఎన్నో మాటలు నాలుక దాకా వచ్చాయి, రెండు భాషల్లోనూ. ఆ రోజు నుంచి అన్నం వేరే గిన్నెలో తింది.

నెలాఖరుకి ఇంకా కొన్నాళ్లుందనగా ఒక ఉదయం హ్యూ చేతిలో కత్తి నిలవలేదు. మొహం పాలిపోయి థోవా పీట దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒక్క మాట చెప్పవే. నొప్పిగా ఉంది అని వీళ్ల భాషలో ఏమంటారు? నేనే వెళ్లి చెప్పుకుంటాను."

థోవాకి ఆ మాట తెలుసు. వాచకంలో రెండో పేజీలోనే ఉంది, కింద పడి ఏడుస్తున్న పిల్లాడి బొమ్మ కింద. ఆమె ఇంకో చిప్ప తీసుకుని కత్తి దూర్చింది.

"దైజోబు అను" అంది. "ఆయనకి అదే నచ్చుతుంది."

హ్యూ తన పీట దగ్గరికి వెళ్లిపోయింది. థోవా తలెత్తి చూడలేదు.