శుభమా అంటూ ‘నో’ ఏటల్లుడూ

శ్రీకాకుళంలో నా వీడియో స్టూడియో బతికినంత కాలం, జిల్లాలో నా కెమెరా చూడకుండా ఎవరి మెడలోనూ తాళి పడలేదు. ఇందులో అతిశయోక్తి కొంచెమే. పంతులుగారు మాంగల్యం చేతిలో పట్టుకుని, నావైపు తిరిగి, “లైటు సరిపోయిందా బాబూ” అని అడిగి మరీ మంత్రం అందుకునేవారు. తర్వాత పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు తప్ప అందరూ ఫోన్లెత్తడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు పెళ్ళికొడుకూ ఎత్తాడు. నేను షట్టరు దించేసి, విజయనగరంలో మావగారి బట్టలకొట్టులో చేరాను. పేరుకు అల్లుణ్ణి, పనికి చీరలు మడతపెట్టేవాణ్ణి.

వెంట తెచ్చుకున్న ఆస్తల్లా రెండు హార్డు డిస్కులు. నేను తీసిన పెళ్ళిళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేసి కాపీ అడిగేవారు. ఆ కాసేపూ నేను చీరల మనిషిని కాను.

శ్రీకూర్మం నుంచి ఒకావిడ అలాగే ఫోన్ చేసింది. “మా సీడీ బూజట్టీసింది అన్నా. అప్పగింతలప్పుడు మా నాన్న ఏడిసింది అందులోనే ఉన్నాది. ఆయన పోయి ఏడాదయిపోనాది. మరెక్కడా లేదు.”

“నా దగ్గరుంది తల్లీ, తీసి ఉంచుతాను” అన్నాను, కుబేరుడిలా.

జీఎస్టీ వచ్చిన ఏడాది అది. లెక్కలన్నీ కంప్యూటర్లోనే ఉండాలని మా బావమరిది ఒక సర్వరు కొన్నాడు. దాని ఫ్యాను మోతకు బయట వీధికుక్కలు కాపురం మార్చేశాయి. ఉన్నది ఒక పెట్టే అయినా, దాని కడుపులో నాలుగు కంప్యూటర్లున్నట్టు నటిస్తుందట. ఒకటి బిల్లులకు, ఒకటి సరుకుకు, ఒకటి కొట్టులో కొత్తగా బిగించిన కెమెరాలకు. లేని కంప్యూటర్లు ఉన్నట్టు పనిచేస్తాయని బావమరిది నోరెళ్ళబెట్టాడు. ఉన్న అల్లుడు లేనట్టు పనిచేసే ఇంట్లో అదో వింతా!

“నాలుగోది నీది బావా” అన్నాడు. “కొత్త డిస్కులెందుకు, నీయి ఉన్నాయి కదా? ఉన్నయి ఉన్నట్టే పెట్టీద్దాం. నీ పెళ్ళిళ్ళు నీకే ఉంటాయి.”

“ముందు ఇంకోదాంట్లోకి కాపీ తీద్దాంరా.”

“ఉన్నట్టే ఉంటాయంతన్నాను కదా! నా మీద నమ్మకం లేదేటి?”

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య అంతా నాకు బోధించాడు. పాత డిస్కును అందులో పెట్టడానికి రెండు దారులట. ఒకటి, దాన్ని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు లోపలి కంప్యూటరుకు అప్పగించడం. రెండోది, పెద్ద పెట్టె దాన్ని తన గోదాములో కలిపేసుకోవడం. కలుపుకునే ముందు శుభ్రంగా కడిగేస్తుంది. ఇల్లరికానికీ ఇవే రెండు దారులు. మొదటిది ఉందని వినడమే, నేను చూడలేదు.

మావగారు ముహూర్తం పెట్టించారు. సర్వరుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మానికి గుమ్మడికాయ కట్టారు. బట్టల పద్దు రాసుకునే పెట్టెకు జరిగినంత వైభవం నా పెళ్ళికి జరగలేదు. బావమరిది కీబోర్డు ముందు కూర్చున్నాడు. కొబ్బరినీళ్ళు దానిమీద పడకుండా నేను తుండు అడ్డుపెట్టాను.

నా డిస్కులు రెండూ తెరమీద కనిపించాయి. వాడు ఏదో నొక్కాడు. ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చింది. వీటిలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, సరేనా అని. కింద రెండు గళ్ళు: ఎస్, నో.

“ఒరే, అది రెండో దారిరా! నో నొక్కు, నో!” అని అరిచాను.

కర్పూరం పళ్ళెంతో మావగారు వెనక్కి తిరిగారు. “శుభమా అని మొదలెడతంటే నో ఏటల్లుడూ? నోరు కట్టీసుకో. ఒరే, ఎస్సు అను. వర్జ్యం వచ్చీస్తంది.”

“అది ఎప్పుడూ అలాగే అడుగుతాది లే బావా” అని వాడు ఎస్ నొక్కాడు. ఘంట మోగింది. మా అత్తగారు అక్షింతలు వేశారు.

జిల్లాలో పెళ్ళిళ్ళన్నీ ఒక్క వేలితో రద్దయిపోయాయి.

వెంటనే సర్వరు ఆపేస్తే కొంతైనా తిరిగి తీయొచ్చని ఎవరో చెప్పారు. బతిమాలాను. “మొదలెట్టిన రోజే ఆపుతారేటి, అపశకునం” అన్నారు మావగారు. ఈలోగా కొట్టు కెమెరాలు ఆ ఖాళీలో రాసుకుంటూ కూర్చున్నాయి. “నీ డిస్కులకేటి కాలేదు బావా, బంగారంలాగ పనిసేస్తన్నాయి” అని బావమరిది నా భుజం తట్టాడు. నా భార్య కిందపడ్డ అక్షింతలు ఊడ్చి ఎత్తింది.

ఆవిడ శ్రీకూర్మం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. కొత్త పెన్‌డ్రైవు కొంగుకు ముడేసుకుని తెచ్చింది. కౌంటరు దగ్గర నిలబెట్టే జరిగింది చెప్పాను. ముడి విప్పబోయిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

“ఉన్నాదన్నారు కదా అన్నా?”

ఆ ప్రశ్నకు నా దగ్గరున్న మాట ఒక్కటే, ఆ ఇంట్లో నన్ను అననివ్వని మాట. “లేదమ్మా” అన్నాను. ఆవిడ అదే కొంగుతో కళ్ళొత్తుకుంది. “పార్టీకి పట్టు సూపించు అల్లుడూ” అని గల్లా దగ్గర నుంచి కేకేశారు మావగారు.

ఆవిడ వెళ్ళిపోయాక తల ఎత్తి చూశాను. కెమెరా ఎర్రగా వెలుగుతోంది. అంటే ఇదీ నా డిస్కులోకే వెళ్ళింది. తండ్రి ఏడ్చిన చోట ఇప్పుడు కూతురు ఏడుస్తోంది, పక్కన చీర మడతపెడుతూ నేనున్నాను. డిస్కు నిండగానే పాతది చెరిపేసి కొత్తది రాసుకుంటుందట. అందుకు అది ఎవరి అనుమతీ అడగదు.