అమ్మ దూరం కూర్చున్న రోజులు

బెంగళూరు మడివాళలోని మా ఇరుకింట్లో వెనక గది ఒకటి ఉండేది. నెలసరి వస్తే అమ్మ చాప, చెంబు పట్టుకుని అందులో దూరం కూర్చునేది. వీధిలో అందరూ ఆ ఆచారం ఎప్పుడో వదిలేశారు, అమ్మ వదల్లేదు. మూడు రోజులన్నది ఒక్కోసారి వారమయ్యేది. నాన్న పీణ్య ఫ్యాక్టరీలో లేతు మిషన్ పని ముగించుకొచ్చి, పొయ్యి ముందు నిలబడి, "బెంగళూరులో ఉండే మడి అంతా మీయమ్మే మోస్తా ఉండాది అప్పా" అని ఎగతాళి చేసేవాడు. నాకైతే ఒళ్లు మండేది.

నిరుడు నా కడుపునొప్పికి ఒక పేరు దొరికింది, ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరుగుతుందట. దాంతోపాటు ఏళ్లుగా ఉండుండి నన్ను మంచం దిగనివ్వని దిగులుంది. అది డిప్రెషన్ అని చెప్పి డాక్టరమ్మ మాత్రలు రాసింది. అమ్మ వాటిని ముట్టనివ్వలేదు.

"బేజారుకి మాత్రలేంది మే? గుడికి పోయొస్తే అదే పోతాది."

మా అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మాత్రలు మొదలుపెట్టనే లేదు, ఆఫీసుకు వెళ్లడం మాత్రం మానేశాను.

తర్వాతిసారి అమ్మనూ ఆసుపత్రికి లాక్కెళ్లాను. ఈ జబ్బుకూ దిగులుకూ కొన్ని జన్యువులు ఉమ్మడిగా ఉన్నట్టు తెలుస్తోందని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. అవి ఉన్నంత మాత్రాన రెండూ వచ్చి తీరతాయని కాదు, వస్తే మన తప్పూ కాదు అంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని అడిగింది.

"ఎవురికీ లేదు" అంది అమ్మ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆమె నమ్మకం.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. అమ్మ నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"ఆచారమూ లేదు, ఏమీ లేదు మే. దూరం కూర్చుంటే ఎవురూ పని చెప్పరు. నొప్పికి ముడుచుకోని పండుకున్నా, ఏడ్సినా, ఎందుకని అడగరు. అంతే."

ఇన్నేళ్లూ ఆ గదిలో ఒక్కతే ఎలా ఓర్చుకుందో అని నాకు ఏడుపొచ్చింది.

"ముట్లుడిగాయి కదమ్మా, ఇప్పుడేం లేదుగా?" అన్నాను.

"నొప్పి పోయింది. బేజారు పోలే."

ఆటో వచ్చి ఆగింది. అమ్మ ఎక్కలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని ఆసుపత్రి మెట్ల వైపు తిరిగింది.

"ఆ మాత్రలు నువ్వు తిను. నన్నూ చూస్తాదేమో ఆయమ్మని అడుగుదాం, పా."