మాత్రల పోగులు

వాడలో నలుగురు కలిసి మేకను కోసుకుంటే పోగులు పెట్టేది ఈరమ్మే. తక్కెడ ఉండదు, ఆమె కన్నే తక్కెడ. ప్రతి పోగులోనూ ఇంత కారిజం, ఇంత తిల్లి, ఇంత బొక్క పడాలి. బల్మూర్ పక్కనున్న ఆ చిన్న ఊళ్లో ఈరమ్మ పోగు మీద ఎన్నడూ మాట రాలేదు.

ఊరు దాటి పనికి పోయినా ఆ పెత్తనం ఆమెదే. పాలమూరు మనుషులు తవ్వని కాలువ ఈ దేశంలో ఎక్కడైనా ఉందేమో వెతకాలి. సొంత చేను ఎండుతుంటే పరాయి చేలకు నీళ్లు పారించడం నేర్చిన జనం. ఆ ఏడు ఈరమ్మ, పెనిమిటి వెంకటయ్య, తమ్ముడు కురుమూర్తి మేస్త్రి గుంపుతో ఒడిశా కొండల్లోకి పోయారు. తవ్విన గుంటల్లో తేటనీళ్లు నిలిచాయి. దోమలన్నీ మురుగులోనే పుడతాయనుకుంటాం గానీ, చలిజ్వరం మోసే దోమకు తేటనీళ్లంటేనే మక్కువ.

ముందు వెంకటయ్య పడ్డాడు. ఆరోగ్య కార్యకర్త ఒకామె వచ్చి, వేలు గుచ్చి చూసి, మలేరియా అని మూడు రోజుల మాత్రలు చేతిలో పెట్టింది. ఒక్కటీ మానొద్దని చెప్పి ఇంకో కొండకు పోయింది. మొదటి మోతాదులకే ఒళ్లు చల్లబడింది. మర్నాడు కురుమూర్తి వణుకుతూ వచ్చి గుడిసె ముందు కూలబడ్డాడు.

“బావకు తగ్గిపాయె గదనే అక్కా! ఇంకా దాస్తున్నవేంది, గుడ్లు పెడ్తయా అవి?”

“జర ఆగురా. తలా ఇంత జేస్త.”

మిగిలిన మాత్రలను ఈరమ్మ పళ్లెంలో రెండు పోగులు పెట్టింది. బేసిగా మిగిలిన ఒక్కదాన్ని కొడవలితో రెండు ముక్కలు చేసింది. పడుకున్నచోటి నుంచే వెంకటయ్య నవ్వాడు. “నా పోగుల తిల్లి తక్కువైనట్టుందే!”

ఇద్దరూ లేచి పనిలోకి దిగారు. ఈరమ్మ చెయ్యి మంచిదని గుంపంతా మెచ్చుకుంది.

తప్పు అక్కడే జరిగింది, ఎవరికీ కనబడలేదు. దోమ కుట్టినప్పుడు ఒంట్లో పడే ఆ పురుగు కంటికి ఆనేది కాదు. నేరుగా కారిజంలోకి, అంటే కాలేయంలోకి పోయి, అక్కడ అలికిడి లేకుండా ఒకటి వేలై, ఆపైన నెత్తుట్లోకి దిగుతుంది. ఒక్కొక్కటి ఒక్కో ఎర్రకణంలో దూరి, లోపలి సారమంతా తిని, పిల్లల్ని పెట్టి కణాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. అన్నీ ఒక్కసారి పగిలినప్పుడే మనిషికి ఆ దుప్పట్లు ఆపలేని చలి. పాడైన కణాలను ఏరి పారేసే జల్లెడ మన తిల్లి, అదే ప్లీహం. ఒడిశాలో వీళ్లకు సోకిన జాతి ఆ జల్లెడకూ చిక్కదు. కణాన్ని గరుకుగా మార్చి, సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుపోతుంది; మూత్రపిండాల్లో, మెదడులో. సగం మందు దాని మందను పలచన చేస్తుంది గానీ వేరు తీయదు. జ్వరం తగ్గడం వేరు, రోగం పోవడం వేరు. ఎంత చదువుకున్నవాళ్లమైనా ఒళ్లు చల్లబడగానే మాత్రలు గూట్లో పెట్టేస్తాం. ఈరమ్మను అనడానికి మనకు నోరు లేదు.

విత్తనాల వేళకు ఇల్లు చేరారు. కురుమూర్తి కొత్తకోటలో లారీల టైర్లు మార్చే పనికి కుదిరాడు. వెంకటయ్యకు మళ్లీ జ్వరం వచ్చింది. ఊరి డాక్టరు ఎండదెబ్బ అని సెలైన్ ఎక్కించాడు. తెల్లారేసరికి వెంకటయ్య పెళ్లాన్ని పట్టుకుని “మేస్త్రీ, తట్ట ఎత్తు” అన్నాడు. ఆ తర్వాత ఫిట్స్.

నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉమారాణి అనే డాక్టరమ్మ రక్తం చూసి సూదిమందు మొదలుపెట్టింది.

“ఒడిశాల ఇచ్చిన మందు మొత్తం వేసుకున్నడా అమ్మా?”

“వేసుకున్నడు.”

“నిజం చెప్పు. నిన్ను తిట్టనీకి అడుగుతలేను.”

ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “సగమే అమ్మా.”

“మరి మిగతా సగం ఎవరు తిన్నరు?”

ఆ మాటతో ఈరమ్మకు తమ్ముడు గుర్తొచ్చాడు. పెనిమిటికి ఇట్లా అయితే, అవతలి పోగు తిన్నవాడి సంగతేంది? అక్కడి నుంచే తమ్ముడికి ఫోను చేసింది.

“నాకేమైతదే? గిప్పుడే లారీ టైరు ఒక్కన్నే ఎత్తిన. ఊకె పరేషాన్ గాకు. బావను సూస్కో.”

“ఒరే, నీ నెత్తురు సూపిచ్చుకోరా. నీ కాళ్లు మొక్కుత.”

“సరే తీయ్, పోత.”

పోలేదు. వెంకటయ్యకు మూత్రం నల్లబడి, ఆగిపోయింది. పెద్ద దవాఖానకు తీసుకుపోవడానికి అంబులెన్సు సిద్ధం చేస్తుండగానే ప్రాణం పోయింది.

మట్టి చేసే వేళకు కురుమూర్తి పుట్టింటి చీర పట్టుకుని వచ్చాడు. భర్త పోయిన ఆడదానికి తోబుట్టువు పెట్టే చీర అది. అది ఒంటిమీద పడ్డాకే పాడె లేవాలి. మండుటెండలో తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. గదవ అదురుతోంది. ఏడుపని అందరూ అనుకున్నారు. ఈరమ్మ లేచి వచ్చి మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. పెనం లాగా కాలుతోంది.

“ఆటో పిలువుండ్రి!”

“ముందుగాల చీర పెట్టిచ్చుకోవే. పాడె ఆపొద్దు,” అని ఓ ముసలాయన గదిమాడు.

“ఆపుమన్ననా? లేపుకపోండ్రి. ఆయనకిప్పుడు నాతోటి పనిలేదు.”

“మొగుని పీనుగను ఇడ్సి పోతవా? లోకమేమంటది?”

ఈరమ్మ తమ్ముని రెట్ట పట్టి లాక్కుపోయి ఆటోలోకి తోసి, తానూ ఎక్కింది. చీర పొట్లం అరుగు మీదే ఉండిపోయింది. అటు డప్పులు, ఇటు ఆటో.

దవాఖానలో చూస్తే అదే పురుగు. మెదడు దాకా పోలేదు, ఇంకా మాత్రలతో లొంగే దశే అన్నది డాక్టరమ్మ. అయినా మూడు రోజులు వార్డులోనే ఉంచుతానన్నది. ప్రాణానికి పూచీ మాత్రం ఇవ్వలేదు. ఈరమ్మ మాత్రలు తమ్ముని నాలుక మీద పెట్టి, గ్లాసు పెదవులకు ఆనించింది.

“అక్కా... బావను మట్టి జేసిండ్రంటనా?”

“మింగు.”

“గా చీర...”

“మింగుమన్ననా లేదా?”

గుటక పడేదాకా గొంతు మీద వేలు ఆనించి ఉంచింది. తర్వాత నోరు తెరిపించి, నాలుక కిందా చూసింది.